పది మిల్లీమీటర్ల గ్రీన్ టీ

కిందటేడు ఆగస్టులో మా ఊళ్ళో నాలుగు ఆదివారాలూ, రెండో శనివారమూ, పంద్రాగస్టూ తప్ప రోజూ వాన కురిసింది. రోజుకి పది మిల్లీమీటర్లు. ఒక చుక్క ఎక్కువా లేదు, తక్కువా లేదు. ఇది నా మాట కాదు, ప్రభుత్వ రికార్డు. కావలసినవాళ్ళు అర్జీ పెట్టుకుంటే నకలు కూడా ఇస్తారు.

అదే ఆగస్టులో నేను మా డాబా మీద మూడు విడతలు బూడిద గుమ్మడికాయ వడియాలు పెట్టాను. వడియాలు వేసవి పని. శ్రావణమాసంలో ఆ సాహసం ఎవరూ చేయరు. నేను చేశాను. మూడు విడతలూ డబ్బాలో పోస్తే గలగలలాడేలా ఎండాయి. ఈ రెండూ ఒకే నెలలో, ఒకే ప్రహరీ లోపల ఎలా జరిగాయో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

మా వారు సోమేశ్వర్రావు గారు వాన కొలిచే ఆఫీసులో సీనియర్ అసిస్టెంటు. ఆ శాఖ పూర్తి పేరు రాయను. రాస్తే ఆయన మళ్ళీ ఒక సంజాయిషీ రాసుకోవాలి. ఆఫీసు వెనకే మా క్వార్టరు. వంటింటి కిటికీలోంచి చూస్తే ఆవరణ మధ్యలో వాన కొలిచే పరికరం కనబడుతుంది. పైన గరాటు, కింద సీసా, అంతే. రోజూ ఉదయం ఎనిమిదిన్నరకి మా వారు ఆ సీసాలో నీళ్ళు గీతల గాజు గ్లాసులోకి వంచి, ఎన్ని మిల్లీమీటర్లో చూసి ఫారంలో రాస్తారు. చూడ్డానికి చిన్న పనే గానీ, ఆ అంకె మండలమంతటికీ అంకె. దాన్ని చూసే రెవెన్యూవాళ్ళు కరువుందో లేదో తేలుస్తారు. కరువని తేలితే పశువులకి సర్కారువారి ఎండుగడ్డి ఉచితంగా వస్తుంది. తేలకపోతే రాదు.

ఈ గడ్డి సంగతి గుర్తుపెట్టుకోండి.

జులై మూడోవారంలో ఆ ఆఫీసు పెద్ద, ఉప సంచాలకులు గుణాకరరావు గారు, కొండల మీద ఎక్కడో ఉద్యోగుల ఆరోగ్య శిబిరానికి మూడు రోజులు వెళ్ళివచ్చారు. వెళ్ళేటప్పుడు మామూలు మనిషి. వచ్చేటప్పుడు ఒక అట్టపెట్టెడు గ్రీన్ టీ, ‘హరిత తేనీరు: ముప్పై రెండు మేలులు’ అనే చిన్న పుస్తకమూ తెచ్చారు. కొవ్వు కరుగును. గుండె పదిలము. పండ్లు పుచ్చవు. జ్ఞాపకశక్తి పెరుగును. ముప్పై రెండూ పెద్దక్షరాల్లో రాయించి తన గది గోడకి అంటించుకున్నారు.

గ్రీన్ టీ మీద నాకేమీ కోపం లేదు. డిగ్రీలో వృక్షశాస్త్రం చదివాను. మనం పాలు పోసి కాచుకునే టీ పొడీ, ఆ పచ్చాకూ ఒకే మొక్క నుంచి వస్తాయి. ఒకదాన్ని నలిపి, గాలికి మాగనిచ్చి నల్లబరుస్తారు. రెండోదాన్ని కోయగానే వేడిచేసి, మాగకుండా ఆపేస్తారు. అందుకే పచ్చదనం మిగులుతుంది. మితంగా తాగితే ఒంటికి మంచిదేనని నేనూ చదివాను. అయితే ముప్పై రెండు మేలులు చేసే వస్తువు మీద నాకు కొంచెం అనుమానం. మా ఇంట్లో అన్ని పనులు చేస్తానని వచ్చిన మనుషులెవరూ ఒక్కటీ సరిగ్గా చేయలేదు.

జులై ఇరవై ఏడో తారీఖు నుంచి ఆఫీసులో పాల టీ రద్దయింది. దానితో నూకరత్నం పోసే రెండు లీటర్ల పాలూ రద్దయ్యాయి. నూకరత్నానిది కొమ్మలపాలెం, ఊరికి మూడు మైళ్ళు. రెండు గేదెలు. మా ఇంట్లో అరలీటరు పోసి, ఆఫీసులో రెండు లీటర్లు పోసి, ఖాళీ క్యానుతో ఎనిమిదింటి బస్సెక్కేది. ఆ రోజు నిండు క్యానుతో మా వంటింటి గడప మీద కూర్చుంది. పాలు పొయ్యని టీ ఎవరు తాగుతారని అడిగింది. ఆరోగ్యం కోసం తాగుతారని చెప్పాను. జబ్బు పడ్డవాళ్ళా అంది. కాదు, పడకుండా ఉండడానికన్నాను. కాసేపు ఆలోచించి, పోనీ పడ్డాక పాలు పోస్తానని లేచి వెళ్ళిపోయింది.

ఇంతవరకూ ఏ ఆఫీసులోనైనా జరిగేదే. మర్నాడు వరండాలో సిబ్బంది సమావేశం జరిగింది. నేను కిటికీ దగ్గర గోరుచిక్కుళ్ళకి ఈనెలు తీస్తున్నాను కనక అంతా వినబడింది. గుణాకరరావు గారు గ్రీన్ టీ పుట్టుక గురించి చెప్పారు. వేల ఏళ్ళ క్రితం చైనాలో ఒక చక్రవర్తి చెట్టు కింద కూర్చుని నీళ్ళు కాగపెట్టించుకుంటూ ఉంటే, గాలికి నాలుగు ఆకులు వచ్చి ఆ గిన్నెలో పడ్డాయట. తాగి చూస్తే హాయిగా ఉందట. ఇది అందరూ చెప్పుకునే కథే. కానీ ఆ కథని ఒక వాన కొలిచే అధికారి వింటే ఏమవుతుందో నేను ఆ రోజే చూశాను.

ఆయన గొంతు సవరించుకున్నారు.

“ఇందు గమనించదగిన అంశము ఏమనగా, సదరు పాత్ర బహిరంగ పాత్ర. పైన ఆకాశము. పదార్థము పైనుండి వచ్చి పాత్రయందు పడినది. పైనుండి వచ్చి బహిరంగ పాత్రయందు పడునది ఏ శాఖ పరిధిలోనికి వచ్చును?”

తొమ్మిది మంది సిబ్బందీ ఆవరణలోని గరాటు వైపు చూశారు.

“మన శాఖ పరిధిలోనికే సార్,” అన్నాడు గుమాస్తాల్లో ఒకాయన. పాపం, ఆయన నిద్రపోవడం లేదని తెలియజేయడానికే అన్నాడు.

అంతే. గ్రీన్ టీ ఆహార పదార్థం కాదని, వర్షపాతమని తేలిపోయింది. మర్నాటికి ఉత్తర్వు వచ్చింది, ఆగస్టు ఒకటి నుంచి అమలు. హరిత తేనీరు ఆకురూప వర్షపాతము. దానిని కొలవకుండా తాగుట శాఖాపరమైన క్రమశిక్షణకు విరుద్ధము. ప్రతి ఉద్యోగి ఉదయం ఐదు, మధ్యాహ్నం ఐదు మిల్లీమీటర్లు సేవించవలెను. ఐదు మిల్లీమీటర్లంటే ఆ గీతల గ్లాసు లెక్కన ఒక చిన్న కప్పు. ఆకు చెంచాతో వేయరాదు, జానెడెత్తు నుంచి పడవలెను. గాలి లేని రోజున అటెండరు విసనకర్రతో విసరవలెను.

మా వారికి గ్రీన్ టీ పడదు, కడుపులో మంట. కానీ ఆయన భయం అది కాదు. కొలిచిన ప్రతిదీ ఫారంలో రాయాలి. ఫారంలో ఏ గడిలో రాయాలి? వెళ్ళి అడిగారు. ఫారం మీద ‘పడినది’ అని ఒకే గడి ఉంది. దానికి వేరే గడి ఉంటే బాగుంటుందని మెల్లగా అన్నారు. కొత్త గడికి రాజధానికి రాయాలి, వాళ్ళు ముద్రణాలయానికి రాయాలి, గడి వచ్చేసరికి మూడేళ్ళు. తేనీరు పడిందా లేదా అని గుణాకరరావు గారు అడిగారు. పడిందని మా వారు ఒప్పుకున్నారు. అయితే ‘పడినది’లోనే రాయమన్నారు. తొమ్మిది మందివీ కలిపితే వరదలా కనబడుతుంది కనక, తలసరి సగటు చాలన్నారు.

“వాన సున్నా, టీ పది. మొత్తం పది,” అని ఒకటో తారీఖు సాయంత్రం మా వారు చెప్పులు విప్పుతూ చెప్పారు. తరవాత పెరుగన్నం కూడా తినకుండా పడుకున్నారు.

ఆగస్టు అలా గడిచింది. ఆకాశంలో దూదిపింజ కూడా లేదు. నేను వడియాలు పెట్టుకుంటూ, కాకుల్ని తోలుకుంటూ, కింద ఆవరణలో అటెండరు విసనకర్ర ఊపడం చూస్తూ ఉన్నాను. సెప్టెంబరు మొదటివారంలో పై ఆఫీసు నుంచి ప్రశంసాపత్రం వచ్చింది. రాష్ట్రమంతా వాన ఇష్టం వచ్చినట్టు ఎగవేస్తూ ఉంటే ఈ ఒక్క కేంద్రంలో ఇంత క్రమశిక్షణతో, సెలవు దినాలు కూడా పాటిస్తూ కురవడం అభినందనీయమని అందులో ఉంది. గుణాకరరావు గారు దాన్ని ముప్పై రెండు మేలుల పక్కన అంటించారు.

రెండు రోజులకి కరువు మండలాల జాబితా వచ్చింది. చుట్టుపక్కల ఐదు మండలాలూ ఉన్నాయి. మాది లేదు.

మూడోరోజు పొద్దున్న నూకరత్నం అరలీటరు పాలు కొలిచి పోసింది గానీ వెళ్ళలేదు. గడప మీద కూర్చుంది. ముందు కొంగుతో మొహం తుడుచుకుంది, తరవాత నవ్వింది. ఆ నవ్వు చూస్తే నాకు భయమేసింది.

“అమ్మగోరూ, మీ బాబుగోరి ఆపీసోళ్ళు మా ఊర్ల వాన కురిసిందని రాసీసినారంట. ఏ పక్క కురిసిందో కాస్త సెప్పండమ్మా. గేదెల్ని అటేపు తోలుకెల్తాను.”

నేను పాలగిన్నె పక్కన పెట్టాను.

“సెరువు బీటలేసీసింది. గడ్డి నేదు. పక్కూరోళ్ళకి బండ్లతో వస్తన్నాది, మాకేమో వాన పడ్డాదంట. సిన్నది సూడి గేదమ్మా, ఇంకో నెలలో ఈనుతాది. దాన్ని ఈ నెలాకరు శనోరం సంతకి తోలీడమే. సంతకెల్లిన ఎండు గేదెని కొనీది పాలోళ్ళు కాదమ్మా. తెలుసు గదా మీకు.”

తెలుసు. ఆ పూట గిన్నెలో పాలు తెల్లగా, చిక్కగా ఉన్నాయి. కడుపు మాడ్చుకున్న గేదె ఇచ్చిన పాలు. నాకు స్టవ్వు వెలిగించబుద్ధి కాలేదు.

మా వారిని అడిగితే జాబితాకి సవరణలు ఇరవై ఆరో తారీఖు దాకా తీసుకుంటారని చెప్పారు. మరి సవరించండి అన్నాను. తాను రాసిన అంకెని తానే తప్పని రాస్తే, ఆ తప్పు అంకెని ఎందుకు రాశావని అడుగుతారన్నారు. ఇరవై ఆరేళ్ళ ఉద్యోగంలో ఆయన ఒక్క కొట్టివేతా లేకుండా రాసిన మనిషి. ఆ మాట గర్వంగా చెప్పే మనిషి, ఆ రోజు గోడకేసి తిరిగి చెప్పారు.

అందుకని మర్నాడు పదిగంటలకి నేనే ఇస్త్రీచీర కట్టుకుని, వడియాల డబ్బా పట్టుకుని ఆఫీసుకి వెళ్ళాను.

గుణాకరరావు గారు మర్యాదస్తులు. లేచి నిలబడి కుర్చీ చూపించారు. గ్రీన్ టీ తెప్పించబోతే, కొలిచి రాయాలి కదా, నేను ఉద్యోగిని కాను కదా అని గుర్తుచేశాను. ఆయన సంతోషించారు. డబ్బా మూత తీసి ఆయన ముందు పెట్టాను. ఆగస్టులో పెట్టినవని, రోజూ పది మిల్లీమీటర్లు పడుంటే ఇవి బూజుపట్టి ఉండేవని, ఊళ్ళో చుక్క వాన లేదనడానికి ఇంతకన్నా సాక్ష్యం ఉండదని చెప్పాను. ఆయన ఒక వడియం తీసి, వెలుతురులో పట్టి చూసి, విరిచి, చప్పుడు విన్నారు.

“ఎండిన మాట వాస్తవమే. అయితే చూడమ్మా, వడియము గుర్తింపు పొందిన పరికరము కాదు. పైగా వర్షము ఒకసారి కురిసినట్లు నమోదైన పిమ్మట దానిని వెనుకకు తీసుకొను అధికారము ఈ కార్యాలయమునకు లేదు. ప్రకృతికే లేదు, నాకెక్కడిది?”

అది నిజమే. పడిన వానని ఎవరూ పైకి పంపలేరు. నేను లేవబోతూ గోడవైపు చూశాను. చూసింది ఊరికే కాదు. నాకు ఏదైనా గోడ మీద రాసి ఉంటే చివరిదాకా చదివే అలవాటు. పంతొమ్మిదో మేలు దగ్గర ఆగాను. ‘దేహమందలి అధిక జలమును బయటకు వెడలగొట్టును.’

మళ్ళీ కూర్చున్నాను.

“సార్, చిన్న సందేహం. ఈ పంతొమ్మిదో మేలు మీ సిబ్బందికి జరుగుతోందా?”

ఆయన కొంచెం బిడియపడ్డారు. రోజుకి నాలుగైదుసార్లు జరుగుతోందని, అందరూ పెరట్లోకి లేచి వెళ్ళడం వల్ల పని కూడా కుంటుపడుతోందని ఒప్పుకున్నారు.

“లోపలికి పడింది కొలిచి రాశారు. బయటికి పోయింది ఏ గడిలో రాస్తున్నారండీ?”

గుణాకరరావు గారు కళ్ళజోడు తీశారు. తుడిచి మళ్ళీ పెట్టుకున్నారు. బెల్లు కొట్టి ఫారం తెప్పించారు. దాని అడుగున, సిరా ఎరగని ఒక గడి ఉంది: ‘తగ్గింపులు’. పూర్వం ఆవరణలో నీళ్ళతొట్టి పెట్టి ఎండకి ఎంత ఆవిరైందో అందులో రాసేవారట. తొట్టి చిల్లిపడ్డాక పద్నాలుగేళ్ళుగా దాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

“అమ్మా,” అన్నారాయన, “తమరు శాఖను ఒక ఏకపక్ష నమోదు నుండి కాపాడినారు.”

మధ్యాహ్నానికి ఉత్తర్వు సిద్ధమైంది. దేహనిర్గమ జలము తగ్గింపుల క్రింద నమోదు చేయబడును. కొలవకుండా విడుచుట శాఖాపరమైన క్రమశిక్షణకు విరుద్ధము. ఆఫీసు వెనక చిన్నగది ముందు ఒక బల్ల, బల్ల మీద పుస్తకం, పుస్తకానికి దారంతో కట్టిన పెన్సిలు వెలిశాయి. అక్కడ జరిగినదాని గురించి ఇంతకన్నా రాయడం నాకు చేతకాదు.

కానీ ఒక చిక్కు వచ్చింది. నియమాల ప్రకారం ఒక కేంద్రానికి గీతల గ్లాసు ఒక్కటే. రెండోది కావాలంటే మొదటిది పగిలినట్టు విచారణ జరగాలి. ఉన్న ఒక్క గ్లాసునీ మొదటిరోజు కొత్త పనికి పంపించారు. మధ్యాహ్నం మూడున్నరకి అటెండరు దాన్ని కడిగి, తుడిచి, టీ కొలవడానికి తెచ్చి పెట్టాడు. తొమ్మిది మందీ దానివైపు చూశారు. ఎవరూ చేయి చాపలేదు. గుణాకరరావు గారు కూడా చాపలేదు. ఆ రోజు తనకి ఉపవాసమన్నారు. మర్నాడు కూడా ఉపవాసమే. మూడోరోజు నుంచి గ్రీన్ టీ గురించి ఎవరూ మాట్లాడలేదు. ఏ ఉత్తర్వూ లేకుండా ఒక పథకం ఆగిపోవడం ఆ శాఖ చరిత్రలో అదే మొదటిసారని మా వారు చెప్పారు.

టీ లేదు సరే, మరి తగ్గింపులు ఎక్కడినుంచి వస్తాయి? ఉత్తర్వు అయితే అమల్లో ఉంది. రోజూ ఎంతోకొంత చూపించాలి. మా వారితో ఒక మాట చెప్పి పంపాను: ఆఫీసువాళ్ళు మజ్జిగ తాగవచ్చు కదా. నూకరత్నం తెస్తుంది.

ఈ ప్రతిపాదన మీద గుణాకరరావు గారు పూర్తిగా ఒక పూట ఆలోచించారు. చివరికి ఇచ్చిన తీర్పు ఇప్పటికీ ఆ ఆఫీసులో ఉదాహరిస్తారు. మజ్జిగ పైనుండి పడినది కాదు. గేదె నుండి క్రిందికి పితకబడినది. అదియును కప్పుగల పాకయందు. కావున అది వర్షపాతము కాదు, ‘పడినది’ గడిలో రాయనక్కరలేదు. బయటకు వెడలునది మాత్రము జలమే గనుక తగ్గింపులలో రాయవలెను.

లోపలికి వెళ్ళేది లెక్కలో లేదు. బయటికి వచ్చేది లెక్కలో ఉంది. ఇంతకన్నా కరువుకి కావలసిందేముంది?

నూకరత్నం అల్లం, కరివేపాకు దంచి వేసిన మజ్జిగ క్యానుతో తెచ్చేది. సగటున రోజుకి ఇరవై మిల్లీమీటర్లు తగ్గింపు వచ్చేది. సెప్టెంబరు మొదట్లో పడిన టీని మజ్జిగకి ముందటి తగ్గింపులే మింగేశాయి. ఆ తరవాత రోజూ వాన సున్నా, తగ్గింపు ఇరవై. సరిగ్గా పదమూడో పనిదినానికి ఆగస్టులో కురిసిన రెండువందల యాభై మిల్లీమీటర్ల వానా తుడిచిపెట్టుకుపోయి, మండలం పది మిల్లీమీటర్ల మైనస్‌లో పడింది. వాన పడకపోవడం చూశాం గానీ, పడనిదానికన్నా తక్కువ పడడం రెవెన్యూవాళ్ళు ఎన్నడూ చూడలేదు. భూమిలోంచి నీళ్ళు ఆకాశానికి పోతున్నాయని కంగారుపడ్డారు. ఇరవై ఆరో తారీఖున సవరణ జాబితాలో మా మండలం పేరు పై వరసలోకి ఎక్కింది, పక్కన ‘అతి తీవ్రం’ అని రాసి.

నెలాఖరు శనివారానికి రెండు రోజుల ముందు కొమ్మలపాలేనికి గడ్డి బండి వచ్చింది. శనివారం నూకరత్నం సంతకి వెళ్ళలేదు. మజ్జిగ క్యానుతో వచ్చి, గడప మీద కూర్చుని, చిన్నది రాత్రంతా నెమరువేస్తూనే ఉందని చెప్పింది. ఏం చేసి గడ్డి తెప్పించారని అడిగింది. ఏమని చెప్పను? ఆఫీసులో అందరూ కష్టపడ్డారన్నాను.

“అవునమ్మా,” అంది, “బాబుగోరు ఆ యెనక గదికాడికి పరుగెత్తడం నానూ సూసినాను.”

అక్టోబరు మొదటివారంలో ఒకరోజు పొద్దున్నే ఎండ బాగుందని నాలుగో విడత వడియాలు పెట్టాను. ఆఖరి వడియం పెట్టి చేయి కడుక్కుంటూ ఉండగా ఎక్కడినుంచి వచ్చిందో ఒక మబ్బు వచ్చింది. వాన. నిజం వాన. మట్టివాసన వచ్చింది, డాబా మీద గుడ్డ తడిసి నీళ్ళు కారిపోయాయి. నేను వడియాల సంగతి మరిచిపోయి అరగంట అలాగే నిలబడ్డాను.

కిందికి వచ్చేసరికి గడప దగ్గర నూకరత్నం తడిసి ముద్దయి నిలబడింది. సంబరంగా ఉందనుకున్నాను. కాదు. వాన చూసి ఆమె మొహం సగం నవ్వుతోంది, సగం ఏడుస్తోంది. ఒక్కరోజు ప్లస్ కనబడినా గడ్డి బండి ఆపేస్తారని ఊళ్ళో అనుకుంటున్నారట. ఒక్క వానకి గడ్డి మొలుస్తుందామ్మా అని అడిగింది. చిన్నది ఈనడానికి ఇంకా వారం ఉంది.

ఎనిమిదిన్నరకి మా వారు గొడుగు వేసుకుని వెళ్ళి సీసా తీశారు. ఇరవై రెండు మిల్లీమీటర్లు. కొలిచింది కొలిచినట్టు ‘పడినది’ గడిలో రాశారు. మామూలుగా వచ్చే తగ్గింపు ఇరవై. అంటే సాయంత్రానికి రెండు మిల్లీమీటర్ల ప్లస్. ఆయన ఇంటికి వచ్చి ఆ సంగతి చెబుతూ నూకరత్నం వైపు చూశారు. తరవాత ఆమె క్యాను వైపు చూశారు. క్యాను తానే పట్టుకుని ఆఫీసుకి తీసుకెళ్ళారు.

అక్కడ ఏం చెప్పారో నాకు తెలియదు. ఎవరూ ఏ ఉత్తర్వూ ఇవ్వలేదు. కిటికీలోంచి నాకు కనబడిందల్లా, తొమ్మిది మందీ వరుసగా నిలబడి గ్లాసు మీద గ్లాసు మజ్జిగ తాగడం. గుణాకరరావు గారు కూడా ఉపవాసం మానేసి రెండు తాగారు. ఆ రోజంతా పెరట్లో దారి ఖాళీ లేదు. ఐదింటికి మా వారు లెక్క వేశారు. పడినది ఇరవై రెండు. తగ్గింపులు ఇరవై మూడు. కొట్టివేతలు లేవు.

గడ్డి బండి ఆగలేదు. తొమ్మిదో రోజున చిన్నది పెయ్యదూడని ఈనింది. నూకరత్నం జున్నుపాలు తెచ్చింది, ఆఫీసుకి వేరే, మాకు వేరే.

ఆ రోజు తడిసిన వడియాలు మాత్రం ముద్దయి గుడ్డకి అతుక్కుపోయాయి. మళ్ళీ పిండి రుబ్బుకుని డాబా ఎక్కాను. రికార్డు ప్రకారం మా ఊళ్ళో ఎండకి లోటు లేదు.